ఆలస్యంగా వచ్చిన దేవుడి ఊరికి

వాడపల్లిలో శనివారం పూట దేవుడి కంటే ముందు లెక్క కనిపిస్తుంది. గౌతమి గట్టున ఉన్న ఆ గుడి చుట్టూ వేలమంది తిరుగుతుంటారు. నోట గోవింద నామం, వేలి కణుపుల మీద అంకె. ఏడు శనివారాలు వరసగా వచ్చి, వచ్చినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేస్తే ఎర్రచందనపు వెంకన్న అనుకున్నది చేసిపెడతాడని నమ్మకం. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చే గుడి. ఇప్పుడు రావులపాలెం దగ్గర హైవే దిగిన కార్లు బారులు తీరి వస్తున్నాయి. ఆత్రేయపురం పూతరేకులవాళ్లకు శనివారం పండగే.

నేను వెళ్లింది మే నెలలో. ఎండకి కాళ్లు కాలకుండా పరిచిన పట్టాలు తడిపినంతసేపే చల్లగా ఉంటున్నాయి. నీడ చూసుకుని అరుగు మీద కూలబడితే, పక్కన ఓ పెద్దావిడ పిక్కలు నొక్కుకుంటోంది. వాళ్లది నిడదవోలు అట. మనవరాలి పెళ్లి కోసం తిరుగుతోంది.

"ఎన్నో వారమండీ?"

"నాలుగోది. అంటే, రెండో విడతలో నాలుగోది."

మొదటి విడత ఏడు వారాలూ పూర్తయ్యాయి, సంబంధం మాత్రం కుదరలేదు. కుదరకపోయినా మళ్లీ మొదలుపెట్టారా అన్నాను. ఆవిడ నా వైపు కాస్త జాలిగా చూసింది. "రేషన్ కార్డు కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాం బాబూ? అక్కడ కుర్చీలో మనిషే మారిపోతుంటాడు. ఈయన ఎక్కడికీ పోడు కదా."

నేను కోనసీమకు వచ్చింది ఇలాంటి మాటల కోసమే. ఏ క్షేత్రానికి వెళ్లినా స్థలపురాణం తీరిన మొక్కుల గురించే చెబుతుంది. గోడల మీద చలువరాతి పలకలూ అంతే: ఫలానావారు, ఫలానా కోరిక నెరవేరినందున, ఫలానా మండపం. తీరని మొక్కుకు శిలాఫలకం వేయించినవాడు ఎక్కడా లేడు. మరి వాళ్లంతా ఏమయ్యారు? గుడికి రావడం మానేశారా, వస్తూనే ఉన్నారా, వస్తుంటే ఏమనుకుంటూ వస్తున్నారు? ఈ సంగతి అడగడానికి కోనసీమంత తగిన చోటు నాకు తోచలేదు. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద, 2022 జూలైలో మళ్లీ 25 లక్షలు దాటింది. ఈ నీళ్ల మధ్య ఊరికో తీర్థం, పేటకో చర్చి. ఇక్కడివాళ్లు దేవుణ్ణి అడిగినంతగా ఇంకెవరూ అడిగి ఉండరు. లేదనిపించుకున్నది కూడా వీళ్లే ఎక్కువేమో.

లేదనిపించుకోవడంలో తేలికపాటి రకం అయినవిల్లిది. అక్కడి విఘ్నేశ్వరుడికి ఏటా పరీక్షల ముందు లక్ష కలాలతో పూజ చేసి, ఆ పెన్నుల్ని పిల్లలకు పంచుతారు. పదో తరగతి ఫలితాలు వచ్చేసిన రోజులు కదా, టీ కొట్టు దగ్గర ఒకాయన్ని కదిలించాను. "పెన్ను బాగానే రాసిందండీ, మావాడే రాయలేదు" అన్నాడు. ఆ ఇంట్లో దేవుడి పరువుకు వచ్చిన లోటేమీ లేదు, పిల్లాడికే సప్లిమెంటరీ ఫీజు కట్టారు.

పలివెల దగ్గరికి వచ్చేసరికి సంగతి అంత తేలిక కాదు. కొత్తపేటకు చేరువలోనే ఉంది ఊరు. అక్కడ శివుడి పేరు కొప్పేశ్వరుడు. లింగానికి కొప్పేమిటంటే ఊళ్లో ఎవరైనా కథ చెబుతారు. ఓ పూజారి వేశ్య ఇంట్లో పడి ఉండేవాడు. స్వామికి వేయాల్సిన దండ ముందు ఆమె జడలోకి వెళ్లి, ఆ తర్వాత గుడికి వచ్చేది. ఓ రోజు రాజుగారికి ఇచ్చిన ప్రసాదపు పూలల్లో పొడుగాటి వెంట్రుక వచ్చింది. ఏమిటిదని గద్దిస్తే పూజారి నోటికి వచ్చింది చెప్పేశాడు, స్వామికి కొప్పుందని. అయితే రేపు చూపించు, లేకపోతే తల ఉండదన్నాడు రాజు. రాత్రంతా పూజారి లింగాన్ని కావలించుకుని ఏడ్చాడు. తెల్లారేసరికి లింగానికి కొప్పు మొలిచి ఉంది.

ఈ కథలో నీతి కోసం వెతికితే చేతికేమీ చిక్కదు. వాడు తప్పు చేశాడు, దాన్ని కప్పుకోవడానికి అబద్ధమాడాడు, ఏడ్చిందీ మెడ మీది కత్తికి భయపడే. శిక్షించాల్సిన దేవుడు వాడి అబద్ధాన్నే నిజం చేసి పెట్టాడు. ధర్మపన్నాలు రాసేవాళ్లు ఎవరైనా ఈ కథను ఈపాటికి దిద్దేసి ఉండేవారు. ఊరు మాత్రం దిద్దలేదు, స్వామికి దాన్నే పేరుగా పెట్టుకుంది.

గుడి బయట పూలమ్మే మనిషికి ఈ కథ నాకంటే వెయ్యి రెట్లు బాగా తెలుసు. అరటినారకు కనకాంబరాలు ముడివేస్తూ, తల ఎత్తకుండా అంది: "పూజారి అబద్ధానికి జుట్టు మొలిపించాడండి. మా ఆయన కిడ్నీల కోసం నేను నిజంగానే మొక్కాను." ఆయన పోయి చాలాకాలమైందట. నాకేమనాలో తోచలేదు. ఆవిడే మళ్లీ అందుకుంది. "అయినా రోజూ మొదటి దండ ఆయనకేనండి. డబ్బులు తీసుకోను. అలిగి కూర్చుంటే ఇద్దట్లో ఎవరో ఒకరు ముందు మాట్లాడాలి కదండీ." పళ్లతో నార తెంపి, దండను తడిగుడ్డ కింద పెట్టి, రెండో దండకు పూలు లాక్కుంది.

ఇలాంటి మాటకు వేదాంత గ్రంథాల్లో చోటు దొరకడం కష్టం. భక్తి అంటే సర్దుకుపోవడమని, ఏం జరిగినా మన మంచికేనని చెప్పే పుస్తకాలు ఇంటినిండా ఉన్నాయి. ఆ పూలావిడ సర్దుకుపోలేదు. దేవుడు చేసింది సరైనదని ఒప్పుకోనూ లేదు. అలక అలాగే ఉంది, దండా అలాగే వెళుతోంది. నమ్మకం అనే మాటకు నాకు తెలిసిన అర్థాల్లో ఇదే అన్నిటికంటే మొండిది.

అమలాపురం చేరేసరికి గడియార స్తంభం దగ్గర దీపాలు వెలిగాయి. రాత్రి భోజనం ఓ రిటైర్డ్ మాస్టారి ఇంట్లో. పెరుగన్నంలోకి మామిడిపండు రసం పిండుకుంటూ ఆయన 1996 గురించి చెప్పారు. నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. ఇళ్లల్లో మతాబులు ఎండబెట్టుకుంటున్నారు. రాత్రి తుఫాను తీరం దాటి కోనసీమ మీదుగా లోపలికి వెళ్లింది. "కొబ్బరిచెట్లు తలలు పోగొట్టుకున్నాయండి. కొన్ని మధ్యకి విరిగాయి, కొన్ని వేళ్లతో సహా లేచిపోయాయి. తెల్లారి చూస్తే మా వీధిలోంచి పక్క ఊరి గోపురం కనిపించింది. అంతకు ముందెప్పుడూ కనిపించలేదు, మధ్యలో తోటలుండేవి కదా."

చనిపోయినవాళ్లు వెయ్యి దాటారని సర్కారు లెక్క. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకారుల ఊళ్లలో వేటకు వెళ్లిన పడవలకు పడవలే తిరిగి రాలేదు. ఆ లెక్కలో శవం దొరికితేనే చావు. దొరకని మనిషికి ఆచూకీ లేదని రాస్తారు. ఆ రెండు గడుల మధ్య ఎన్ని కుటుంబాలు నలిగాయో.

తుఫాను వెళ్లిన వారానికో పదిరోజులకో ఓ స్వామీజీ వచ్చి, ఇదంతా పాపం పెరిగినందుకు భగవంతుడి ఆగ్రహం అని ఉపన్యసించారట. మాస్టారికి ఇప్పటికీ ఆ మంట తగ్గలేదు. "పాపాలు చేసినవాడి డాబా చెక్కుచెదరలేదు. చేపలు పట్టుకునేవాడి పాక పోయింది, పాకతో పాటు పిల్లలూ పోయారు. అదేం ఆగ్రహమండీ? గురి లేని ఆగ్రహం. అలాంటి దేవుణ్ణి నమ్మమంటే నేను నమ్మను." ఈ మాటలన్న మనిషి పొద్దున్నే పూజ చేయనిదే కాఫీ ముట్టరు. నేను ఆ సంగతి ఎత్తితే, "ఆయన్ని నమ్మబట్టే కదా, ఆయన మీద చాడీలు చెబితే కోపం వచ్చింది" అన్నారు.

మరుసటి తొలకరికి మాస్టారు తోటలో మొక్కలు వేశారు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. పక్కనున్న మరో రైతు మొక్కల జోలికి పోకుండా తోట చెరువు కిందకు తవ్వించేసుకున్నాడట. అతన్నీ తప్పు పట్టలేదు మాస్టారు. అప్పులవాళ్లు ఆరేడేళ్లు ఆగరు కదా.

మర్నాడు అంబాజీపేట మీదుగా లంకల గన్నవరం. (అంబాజీపేటలో పనసాకుల బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తినకుండా ముందుకు కదిలినవాడి యాత్ర అసంపూర్ణం. దీనికి ఏ పురాణ ప్రమాణమూ అక్కర్లేదు.) గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలవ నీళ్లను అవతలి నగరం లంకలకు దాటించే అక్విడక్టు ఉంది. కాటన్ దొర ఆనకట్ట కట్టిన రోజుల్లోనే పాతది కట్టారు. కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

సీతమ్మ 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్నగారికి భార్యగా ఈ ఊరు వచ్చింది. నదులు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టింది. 1909లో పోయేదాకా ఆ పొయ్యి ఆరలేదు. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక వేడుకకు ఆమె ఫొటో అడిగి తెప్పించుకున్నారని చెప్పుకుంటారు. ఇప్పుడు రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆమె పేరే. నాకు మాత్రం ఆమె గురించి చెప్పే కథల్లో ఒకటే ముఖ్యం. జీవితంలో ఒక్కసారైనా అంతర్వేది నరసింహుణ్ణి చూడాలని ఆమె కోరిక. ఇంట్లో వంట వదిలి కదలడం ఎప్పుడూ కుదరలేదు. చివరికో రోజు ఎలాగో బయల్దేరింది. దారిలో ఓ పెళ్లి బృందం ఎదురైంది. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు: కాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడుతుంది. ఆ మాట చెవిన పడగానే ఆవిడ వెనక్కి తిరిగింది, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించింది.

ఈ కథను త్యాగం కింద చెబుతారు. అలాగే కానివ్వండి. కానీ ఆ పిల్లల వైపు నుంచి చూడండి. వాళ్లు ఆకలేస్తోందని ఏడ్చారు, పెద్దవాళ్లు సీతమ్మ పేరు చెప్పారు, ఆ క్షణంలో సీతమ్మ ఇంట్లో లేదు. వాళ్లు అన్నానికి దగ్గరవుతున్నామని నడుస్తుంటే, అన్నం పెట్టే మనిషి ఎదురుగా వచ్చి వాళ్లను దాటిపోతోంది. ఆవిడ చెవిన ఆ మాట పడకపోతే? దేవుడి పనులన్నీ ఇలాంటి పలచటి దారాల మీదే నడుస్తాయేమోనని నాకు గుబులు. సీతమ్మ వైపు నుంచి చూస్తే, ఆ రోజు ఆమె కోరిన దర్శనం దొరకలేదు. ఎంతోమంది దర్శనం అయ్యాక కూడా ఏమీ దొరకని మొహాలతో తిరిగొస్తారు. ఆవిడ దర్శనం లేకుండా పరుగెత్తుకుంటూ వెళ్లింది.

అక్విడక్టు దాటి మామిడికుదురు వైపు తిరిగితే నగరం అనే ఊరు. ఇక్కడ ఆగకుండా పోదామనే అనుకున్నాను, మనసొప్పలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే కాలిపోయారు. 20 మందికి పైగా పోయారు. కొబ్బరితోటలు మొదలంటా మాడి నల్లటి స్తంభాలై నిలబడ్డాయి. నీరు తీసేసిన పొడి గ్యాసు కోసం వేసిన పైపులో తడి గ్యాసు పంపడం, లోపల తుప్పు పట్టడం, ఇవన్నీ విచారణలో బయటపడ్డాయి. గ్యాసు వాసన వస్తోందని ముందునుంచీ చెబుతూనే ఉన్నామని ఊరివాళ్లు ఆనాడే మొత్తుకున్నారు. పరామర్శకు వచ్చినవాళ్లలో కొందరు "అంతా దైవనిర్ణయం" అన్నారని అక్కడ ఒక కుర్రాడు చెప్పాడు. చెప్పి, "పైపు దేవుడేశాడాండీ?" అని అడిగాడు.

ఇదొక్కటీ గట్టిగా చెప్పాలి. దేవుడు మనం అనుకున్నట్టు చేయకపోవడం ఒకటి, మనిషి చేయాల్సింది చేయకపోవడం ఇంకొకటి. రెండోదాన్ని మొదటి ఖాతాలో జమ వేస్తే మనిషి బతికిపోతాడు, దేవుడు దోషి అవుతాడు. ఓపిక పట్టండి, ఆయన్ని నమ్మండి అని బాధితులకు చెప్పే హక్కు పైపు వేసినవాడికి లేదు, పైపు వేసినవాడి తరఫున వచ్చినవాడికి అసలే లేదు. 1995 జనవరిలో ఇక్కడికి దగ్గరే పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది. రాత్రిళ్లు చుట్టుపక్కల ఊళ్లకు దీపం అక్కర్లేకపోయింది. అప్పుడూ గుళ్లలో యాగాలు చేశారు, చర్చిల్లో ఉపవాస ప్రార్థనలు చేశారు. మంట ఆర్పింది మాత్రం నిపుణులే. ప్రార్థించినవాళ్లు అందులో వైరుధ్యం చూడలేదు.

రాజోలులో ఆదివారం. మైకులో పాట సన్నగా మొదలై, వీధి మలుపు తిరిగేసరికి చెవులు నిండిపోయింది. వశిష్ఠకు అవతలి ఒడ్డున నర్సాపురానికి 1836 ప్రాంతంలో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లిష్ మిషనరీలు వచ్చారు. గోదావరి డెల్టాలో సువార్తకు అది మొదలు. తర్వాత తరాల్లో అది ఈ లంకల్లోకి, ముఖ్యంగా ఊరి చివర పేటల్లోకి వ్యాపించింది. గుడి మెట్టు ఎక్కనివ్వని రోజుల్లో దేవుడి మీద నమ్మకం పెట్టుకోవడమంటే ఏమిటో ఆ పేటల్లో పెద్దల్ని అడగాలి. అక్కడ దేవుడు అనుకున్నట్టు చేయకపోవడం కాదు, ఆయన దగ్గరికి వెళ్లి అనుకున్నది చెప్పుకునే దారే లేదు.

వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆ రోజు వాక్యం హబక్కూకు గ్రంథం నుంచి. పాత నిబంధనలో చిన్న పుస్తకం, మూడే అధ్యాయాలు. ఆ ప్రవక్త మొదలుపెట్టడమే ఫిర్యాదుతో: ఊరంతా బలాత్కారం, న్యాయం నోరు మూతబడింది, నేను కేకలు వేస్తుంటే నువ్వెందుకు వినవు? దేవుడు జవాబిస్తాడు, కానీ ఆ జవాబు ఫిర్యాదు కంటే ఘోరంగా ఉంటుంది. మీ మీదికి కల్దీయులను లేపుతున్నానంటాడు. ఇదేం న్యాయమని ప్రవక్త మళ్లీ నిలదీస్తాడు. అడిగి ఊరుకోడు, జవాబు వచ్చేదాకా కదలనని కావలి బురుజు ఎక్కి నిలబడతాడు. చివర్లో చెట్టు పూయకపోయినా, చేను పండకపోయినా, కొట్టంలో పశువు లేకపోయినా నీలోనే నా సంతోషమంటాడు. పాస్టర్‌గారు అంజూరపు చెట్టు దగ్గర ఆగలేదు. "మన కొబ్బరికి తెల్లదోమ పట్టినా" అన్నారు. బల్లల మీద నవ్వు పాకింది, రైతుల నవ్వు, కాస్త చేదుగానే.

నాకు నచ్చింది ఆయన ఆ తర్వాతన్న మాట. అందరూ మూడో అధ్యాయం చివరి వచనాలే ఫ్రేము కట్టించుకుంటారట. మొదటి అధ్యాయాన్ని ఎవరూ గోడకు తగిలించరు. పోట్లాట లేకుండా ఆ సంతోషం వచ్చేస్తుందనుకోకండి అన్నారు. వెనక బల్ల నుంచి ఒక ముసలాయన గట్టిగా ఆమెన్ అన్నాడు.

రాజోలు నుంచి మలికిపురం, సఖినేటిపల్లి దాటితే కాలవలు సన్నగిల్లుతాయి, గాలిలో ఉప్పు తెలుస్తుంది, తోటల మధ్య రొయ్యల చెరువులు పెరుగుతాయి. భూమి ఇక చాల్లే అనుకున్న చోట అంతర్వేది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు.

ఇక్కడి స్థలపురాణాన్ని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అయినా అందులో ఉన్న సంగతి చాలాకాలం నాకు తగల్లేదు. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు. వాడి రక్తం ఎన్ని ఇసుకరేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుడతారని వరం. వాడు వశిష్ఠుడి నూరుగురు కొడుకుల్నీ చంపేశాడు. వశిష్ఠుడు మొరపెట్టుకుంటే నరసింహుడు గరుడవాహనం మీద వచ్చాడు. మాయాశక్తి నాలుక చాచి నెత్తురు నేల మీద పడకుండా అడ్డుకుంది, స్వామి రాక్షసుణ్ణి సంహరించాడు, వశిష్ఠుడి కోరిక మీద ఇక్కడే వెలిశాడు. పురాణం గెలుపుతో ముగుస్తుంది కాబట్టి మనం మధ్యలో సంగతి గబగబా దాటేస్తాం. స్వామి వచ్చాడు, నిజమే. వచ్చింది నూరుగురూ పోయాక. ప్రహ్లాదుడి కోసం స్తంభం చీల్చుకుని సమయానికి వచ్చినవాడే, వశిష్ఠుడి దగ్గరికి ఆలస్యంగా వచ్చాడు. ఒక్క బిడ్డ కూడా మిగల్లేదు. పోయినవాళ్లను బతికించాడని పురాణం చెప్పదు. అలాంటి తండ్రి, వచ్చిన దేవుణ్ణి వెళ్లిపొమ్మనకుండా, ఇక్కడే ఉండమన్నాడు. ఈ క్షేత్రానికి పునాది వేసింది కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి అని గుడి బోర్డు మీద రాయరు కానీ, మాఘమాసంలో తీర్థానికి వచ్చే లక్షల జనంలో ఎందరికో ఆ సంగతి చెప్పకుండానే తెలిసుంటుంది.

ఇప్పుడున్న గుడి 1823లో పూర్తయింది. కట్టించింది బెండమూర్లంకకు చెందిన ఓడల యజమాని కొపనాతి కృష్ణమ్మ. ఆయన అగ్నికుల క్షత్రియుడు, సముద్రం మీద బతికే కులం. ఆయన ఓడలు తుఫానులో చిక్కుకుని జాడ తెలియకుండా పోతే, క్షేమంగా తిరిగొస్తే నీ గుడి కట్టిస్తానని నరసింహుడికి మొక్కుకున్నాడని, ఓడలు వచ్చాయని, మాట నిలబెట్టుకున్నాడని జనం చెబుతారు. ఇది తీరిన మొక్కు. దీనికి రాయి ఉంది, గోపురం ఉంది, పేరు ఉంది.

రథం సంగతి వేరు. సుమారు అరవయ్యేళ్ల నాటి టేకు రథం ఉండేది, 40 అడుగుల ఎత్తు. కల్యాణం మర్నాడు, భీష్మ ఏకాదశి నాడు, రథం కదిలి గుర్రాలక్క గుడి దగ్గర ఆగుతుంది, స్వామి చెల్లెలికి చీర పెడతాడు. నెత్తురు పట్టిన మాయాశక్తే ఆ గుర్రాలక్క. 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక ఆ రథం తన షెడ్డులోనే కాలి బూడిదైంది. ఆందోళనలు, రాజకీయాలు, సీబీఐకి అప్పగించాలన్న నిర్ణయం, ఇవన్నీ పత్రికలు చదివినవాళ్లకు గుర్తే. ఊళ్లో మాత్రం అందరి నోటా ఒకటే ప్రశ్న తిరిగిందట. హిరణ్యకశిపుడి పొట్ట చీల్చినవాడు తన రథాన్ని కాపాడుకోలేకపోయాడేం?

నాకు కొబ్బరికాయలమ్మిన పెద్దాయన ఈ ప్రశ్నను అసలు ఖాతరు చేయలేదు. "రథం ఆయనదాండీ? మనదండి. చేసింది మనం, లాగేది మనం, షెడ్డులో పెట్టి తాళమేసింది మనం. ఆయన్ని కాపలా పెట్టుకున్నామాండీ?" కొన్ని నెలల్లోనే కొత్త టేకుతో ఏడంతస్తుల రథం తయారైంది. 2021 మాఘంలో లాగారు. కొత్త తాడుకు చేతులు బొబ్బలెక్కాయని చెప్పి, ఆయన అరచేయి చాపి చూపించాడు, ఇప్పుడేమీ లేకపోయినా.

సాయంత్రం పల్లిపాలెం వెళ్లాను. వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలు కదలవు. అందరూ వలలు ముందేసుకుని కూర్చున్నారు. ఓ నలభై అయిదేళ్ల మనిషి నైలాను వల చిరుగును కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, చెక్క సూదితో కన్నుకు కన్ను అల్లుతున్నాడు. అతని తండ్రి 96 తుఫానులో పోయాడు. పడవ దొరకలేదు, మనిషీ దొరకలేదు.

"బయల్దేరే ముందు ఈ స్వామికి మొక్కుకునే ఎళ్లాడండి" అన్నాడు.

కృష్ణమ్మ ఓడల కథ అతనికి తెలుసా అని అడగబోయి ఆగాను. తెలియకుండా ఎలా ఉంటుంది? వాళ్ల కులపు కథే అది. అతనే ఎత్తాడు. "కిష్ణమ్మ గారి ఓడలొచ్చాయండి. మా నాన్న పడవ రాలేదు. ఆరికి గుడి కట్టే స్తోమతుంది, మాకు లేదు, అందుకా అనుకునేవోణ్ణి చిన్నప్పుడు." సూది ఆగలేదు. కొన్నేళ్లపాటు గుడి మెట్టెక్కలేదట. వాళ్లమ్మ మాత్రం వెళ్లేదట. వెళ్లి, ధ్వజస్తంభం దగ్గర కూర్చుని స్వామిని నోటికొచ్చినట్టు తిట్టి, ప్రసాదం తీసుకుని ఇంటికొచ్చేదట. అర్చకులు వినీ విననట్టు ఊరుకునేవారట.

"మరి మీరు మళ్లీ ఎప్పుడెళ్లారు?"

"నేను వేటకి ఎళ్లడం మొదలెట్టాకండి."

"భయమేసా?"

కాసేపు చిరుగు వైపే చూశాడు. "భయం ఎటూ ఉంటాదండి. కాపాడతాడని కాదు. కాపాడడని తెలుసు కదా, చూశాం కదా. సముద్రం మీదకి ఎళ్లేవోడు ఎవరో ఒకరికి చెప్పి ఎళ్లాలండి. ఇంట్లో చెబుతాం, ఆయనకీ చెబుతాం."

నేను మాట్లాడకపోయేసరికి అతనికి నవ్వొచ్చినట్టుంది. పక్కనే చాప మీదున్న ఫోను తీసి స్క్రీను నా వైపు తిప్పాడు. వాతావరణ శాఖ హెచ్చరికలు వచ్చే వాట్సాప్ గ్రూపు అది.

"ఇందులో ఎర్ర మెసేజొస్తే మాత్రం, ఆయన రమ్మన్నా కదలమండీ. ఆ కొస కాస్త పట్టుకుంటారా, ముడి జారుతోంది."